పాడేరు కుర్రాడు సినిమా చూస్తే: మూడు ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను సినిమా పండితుణ్ని కాదు. కెమెరా యాంగిల్స్ గురించి అడిగితే తెల్లమొహం వేస్తా. నాలుగు ఫైట్లు, కాస్త మాయ, కడుపుబ్బ కామెడీ ఉంటే టికెట్ డబ్బులు గిట్టుబాటైనట్టే అనుకునే రకం. మాది పాడేరు. పెద్ద సినిమా వస్తే నాన్న మమ్మల్ని ఘాట్ రోడ్డు దింపి వైజాగ్ తీసుకెళ్లేవారు. దాదాపు 110 కిలోమీటర్లు. మలుపుల్లో చెల్లికి వాంతులు, నాకేమో ఇంటర్వెల్ సమోసా మీద ధ్యాస. అలా పెరిగినవాణ్ని.

మొన్న హాస్టల్ రూమ్‌లో అందరం కలిసి 'ఘాటి' చూశాం. 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, దర్శకుడు క్రిష్, ప్రధాన పాత్ర అనుష్క. తూర్పు కనుమల్లో గంజాయి మూటలు మోసే మనుషుల కథ. అయిపోగానే ఒకడు నా వైపు తిరిగి, "మావా, మీ ఊళ్లో సరుకు ఎంతకి దొరుకుద్దిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లైటు తీసేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. వాడు అన్నందుకు కాదు, నేనెందుకు నవ్వాను అని.

ఆ ఆలోచనలోంచే ఈ వ్యాసం వచ్చింది. మనందరం చూసే ఫాంటసీ, యాక్షన్, కామెడీ సినిమాల్ని కొండ మీద నుంచి చూస్తే ఎలా ఉంటాయి? ఒక్కో రకానికి ఒక్కో ప్రశ్న పెట్టుకున్నా. సినిమాని తిట్టడానికి కాదు. ప్రోగ్రామ్ రాశాక టెస్ట్ కేసులు రన్ చేస్తాం కదా, అలాంటివి అనుకోండి.

మొదటి ప్రశ్న, ఫాంటసీకి: భాష ఎవరిది?

'బాహుబలి' 2015లో వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి చదువుతున్నా. కాలకేయులు అరుచుకుంటూ వస్తుంటే భయం, ఆనందం రెండూ. వాళ్లు మాట్లాడే కిలికి భాషని తమిళ రచయిత మదన్ కార్కి తయారుచేశారు. ఊరికే అరుపులు కావు, వందల పదాలు, వ్యాకరణ సూత్రాలు పెట్టి కట్టిన భాష. ఒక ఊహా జాతి కోసం అంత కష్టపడ్డారంటే ఇప్పటికీ నాకు గౌరవమే. రీసెస్‌లో మేం కిలికిలో తిట్టుకునేవాళ్లం కూడా.

ఇప్పుడు ఇంకో విషయం. మా అమ్మమ్మది అరకు వైపు ఊరు. ఆవిడ ఇంట్లో మాట్లాడేది కొండదొరల భాష, కుబి. అది తెలుగుకి చుట్టమైన ద్రావిడ భాష. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ కొండల్లో తిరిగి దానికి వ్యాకరణం రాశారు, 1969లో పుస్తకంగా వచ్చింది. ఇక్కడ ఇంకా కువి ఉంది, గదబ ఉంది, ఆదివాసీ ఒడియా ఉంది. నాకు తెలిసిన పెద్ద ఫాంటసీల్లో ఇవేవీ వినపడలేదు. అడవి మనుషుల గుంపు తెర మీదికి వస్తే వాళ్లకి నల్లరంగు పూస్తారు, ఎముకలు తగిలిస్తారు, లేని భాష ఒకటి పుట్టిస్తారు. ఉన్న భాష మాత్రం పక్కనే ఉండిపోతుంది.

తప్పు సినిమాది ఒక్కదానిదే అనను. నాకు కిలికిలో నాలుగు తిట్లు వచ్చు. అమ్మమ్మ భాషలో ఒకటి నుంచి పది లెక్కపెట్టడం రాదు. ఇంగ్లీష్ మీడియం, మార్కులు, బిజీ అని సాకులు చెప్పొచ్చు. కానీ నన్ను ఎవరూ ఆపలేదు, నేనే అడగలేదు.

రెండో ప్రశ్న, యాక్షన్‌కి: నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు?

'ఆర్‌ఆర్‌ఆర్' 2022 మార్చి 25న విడుదలైంది. సరిగ్గా పది రోజులకి, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పదో తరగతి కుర్రాడికి ఇంతకన్నా ఏం కావాలి! రామరాజు మా జిల్లా, భీముడు మా కొండజాతి అని థియేటర్లో గొంతు పోయేలా అరిచాం. బ్రిటిష్ కోట మీదికి జంతువులు దూకే సీన్ ఇప్పటికీ రిపీట్‌లో చూస్తా.

అది కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పారు. నిజ జీవితంలో వాళ్లిద్దరూ కలవలేదు. రామరాజు 1924లో కొయ్యూరు దగ్గర ప్రాణం విడిచారు. కొమురం భీముడు 1940లో జోడేఘాట్‌లో. కల్పనతో నాకు పేచీ లేదు. క్లైమాక్స్ అయిపోయాక వచ్చే చిన్న సీన్ మాత్రం రెండోసారి చూసినప్పుడు గుచ్చుకుంది. నీకేం కావాలని రాముడు అడిగితే, చదువు కావాలంటాడు భీముడు. చరిత్రలో భీముడు ఊరు వదిలి వెళ్లిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్న మనిషి అని చెబుతారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే జల్, జంగల్, జమీన్ నినాదాన్ని సినిమాలో ఇంకొకరి చేతితో రాయించారు. బలం కొండవాడిది, తెలివి కిందవాడిది. ఫైట్ల సందడిలో ఈ పంపకం మనకి కనపడదు.

మన్యం తిరుగుబాటు కూడా ఒక్క హీరో కథ కాదు. అటవీ చట్టాలు పోడుకి అడ్డం పడ్డాయి. రోడ్డు పనుల్లో వెట్టిచాకిరి చేయించారు. జనం అప్పటికే రగిలి ఉన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారంటే దారి తెలిసినవాళ్లు, కబురు మోసినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లు ఎంతమంది ఉండాలి? గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ముందు నిలిచారు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. అడవిలో తుపాకి పట్టిన మనిషి పార్లమెంటులో కూర్చోవడం! ఇంతకన్నా మంచి సెకండాఫ్ ఏ రైటర్ రాస్తాడు?

కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చింతపల్లి అడవుల్లో షూటింగ్ చేశారు. మా తాతయ్య వయసువాళ్లు ఇప్పటికీ ఆ కబుర్లు చెబుతారు. మా కొండలు తమ పేరుతోనే తెర మీద కనిపించిన సినిమా అది. 'పుష్ప' అలా కాదు. కథ శేషాచలంలో, చాలా షూటింగ్ మారేడుమిల్లిలో. మారేడుమిల్లి అడవి అక్కడ డూప్‌గా చేసిందన్నమాట.

మూడో ప్రశ్న, కామెడీకి: ఎవరి మీద నవ్వు, ఎవరితో నవ్వు?

పాత సినిమాల్లో కోయదొర వేషం గుర్తుందా? ఈకలు, పూసలు, వంకర తెలుగు, నోటికొచ్చిన జోస్యం. హీరో మారువేషం వేయాలంటే అదే చవక. అక్కడ జోక్ అంటే మా యాసే, ఇంకేం లేదు.

కానీ 1957 నాటి 'మాయాబజార్' చూడండి. ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు కూడా అడవివాడే. ఆయన మాటలు తప్పు పలికితే మనం నవ్వుతాం. సరిదిద్దడానికి వచ్చిన గురువుకి మాత్రం ఆయన దగ్గర జవాబు ఉంటుంది, ఎవరో ఒకరు పుట్టించకపోతే కొత్త మాటలు ఎక్కణ్నుంచి వస్తాయని. 'అసమదీయులు' అని మనం ఇప్పటికీ వాడుతున్నామంటే గెలిచిందెవరు? కథ చిక్కులన్నీ విప్పేదీ ఆయనే.

'జాతిరత్నాలు' కూడా అంతే. జోగిపేట కుర్రాళ్లు ముగ్గురూ వెధవపనులే చేస్తారు, కానీ సినిమా వాళ్లది. మనం వాళ్ల పక్కన కూర్చుని నవ్వుతాం.

ఇప్పుడు 'ఘాటి'కి ఇవే టెస్టులు పెడితే? భాషలో తక్కువ మార్కులే. నిర్ణయంలో పాస్, ఎందుకంటే మూటలు మోసిన మనిషే ఎదురు తిరుగుతుంది. నవ్వు దగ్గర మాత్రం ఫెయిలైంది సినిమా కాదు, మా రూమ్. అందులో నేనూ ఉన్నా.

గంజాయి మా కొండల్లో లేదని అబద్ధం చెప్పను. దానివల్ల జైళ్లపాలైన కుటుంబాలు ఉన్నాయి. కానీ పాడేరు అంటే కాఫీ తోటలు, వాటి నీడచెట్ల మీద పాకే మిరియాలు, పసుపు, మే నెలలో మోదకొండమ్మ జాతర. మర్నాడు ఆ ఫ్రెండ్‌కి ఇదంతా చెప్పా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సారీ రా. జాతరకి తీసుకెళ్తావా?" అన్నాడు. తీసుకెళ్తున్నా.

పాఠం అన్నాక హోంవర్క్ ఉండాలిగా. ఈసారి ఏ సినిమా చూసినా ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటైనా వేసి చూడండి. మీ ఊరి పేరుతో వేస్తే ఇంకా మంచిది. నా హోంవర్క్ నేను మొదలెట్టా. రోజూ రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేస్తున్నా. నాలుగు వరకు లెక్కపెట్టడం వచ్చింది. నేను పలికే తీరుకి ఆవిడ పడీపడీ నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నా.