అడవి నరికితే చెరువు ఎందుకు పూడుతుంది?

సభ్యుల పాఠం

తనిఖీకి వెళ్లిన సంఘాలలో మాకు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "ఎండాకాలం గొడ్లకు చెరువు నీళ్లు చాలడం లేదు." దీనికి వాన తక్కువ కావడం ఒక కారణమైతే, పూడిక మరొక కారణం. ఆ పూడిక ఎక్కడి నుండి వస్తుందో సభ్యులు తెలుసుకోవలసి ఉంది.

నేలను కాపాడేది ఏది?

చెట్టు కొమ్మలొక్కటే నేలను కాపాడలేవు. ఎత్తు నుండి జారే చినుకు కూడా మన్నును చిమ్ముతుంది. ఆ దెబ్బను కాచేది నేలమీద రాలిన ఆకు, గడ్డి, పొదలు. అవి పోతే చినుకు దెబ్బకు చెదిరిన సన్నమట్టి నేల రంధ్రాలను మూసివేస్తుంది. నీరు ఇంకక, మన్నును కడుక్కుంటూ వాగులోకి పారుతుంది.

నరికిన తరువాత ఏమవుతుంది?

గొడ్డలి దెబ్బకన్నా దుంగలను ఈడ్చిన జాడలు, బండ్లు, లారీలు నడిచిన బాటలు ఎక్కువ హాని చేస్తాయి. ఆ గాళ్లే వానకు ఒర్రెలవుతాయి. పాత వేళ్లు కొన్నేళ్లు మన్నును పట్టి ఉంచి, ఆపైన కుళ్లిపోతాయి. ఆలోగా మోడు చిగిర్చి కొత్త చెట్టు నిలదొక్కుకోవాలి.

అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1965-66 చలికాలంలో ఒక చిన్న లోయలోని చెట్లన్నీ నరికి, దుంగలను ఈడ్వక అక్కడే వదిలి, మూడేళ్లు మందు చల్లి మొలకలు రానీయలేదు. మొదట్లో వాగులో మన్ను పెద్దగా పెరగలేదు. వేళ్లు, ఆకుచెత్త కుళ్లిన కొద్దీ బాగా పెరిగింది. మొలకలను రానిచ్చిన తరువాత క్రమంగా తగ్గింది.

మన జిల్లాలలో

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ వైపు నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలపు నిప్పు ఆ ఆకును కాల్చివేస్తే తొలకరి వాన బోడినేలపైనే పడుతుంది. వనపర్తి వైపు ఎర్ర చలకలలో చెరువు ఎగువనున్న గుట్టే ఆ చెరువుకు అడవి. గద్వాల జిల్లాలో ఆలంపూర్ ప్రాంతపు ఆర్.డి.ఎస్. కాలువకు తుంగభద్ర నీరే ఆధారం. ఆ ఆనకట్ట జలాశయం 1953లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది. 2016 సర్వే నాటికి అది సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గింది. ఎగువ నేలల నుండి కొట్టుకువచ్చిన మన్నే దీనికి కారణం.

మనం చేయవలసినవి

1. నరికిన, కాలిన గుట్టపై చిగుర్లు మనిషి ఎత్తు దాటేవరకు పశువులను, మేకలను తోలరాదు. అవి చిగురును కొరుకుతాయి, గిట్టలతో నేలను గట్టిపరుస్తాయి.

2. ఆ గుట్టపై గడ్డిని కోసి తెచ్చి కొట్టంలోనే మేపాలి. దూరం నడవని గేదెకు మేత పాలకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. అటవీ భూమి అయితే ఆ శాఖ అనుమతి తీసుకోవాలి.

3. వాలు బాటలకు అడ్డంగా రాళ్లు పేర్చి నీటిని పక్కకు మళ్లించాలి. వాగు గట్టున పొదలను కొట్టరాదు.

4. పూడికమట్టిని పొలాలకు తోలుకోవడం మంచిదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఈ పని జరిగింది. కాని గుట్ట బోడిగా ఉంటే చెరువు మళ్లీ పూడుతుంది.

ఒక సంగతి మరువరాదు. గుట్టను మూస్తే మొదట ఇబ్బంది పడేది పొలం లేక, ఒకటి రెండు గేదెలతో బతికే సభ్యుడు. కనుక గడ్డి కోసుకునే హక్కులో మొదటి వంతు అతనికే ఇవ్వాలి. అలా చేయని కట్టుబాటు ఒక్క వానాకాలం కూడా నిలువదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మీ చెరువు ఎగువ గుట్ట విషయం చర్చించి, తీర్మానాన్ని మినిట్సు పుస్తకంలో వ్రాసుకోవలసిందిగా కోరుతున్నాము.