ముక్తినాథ యాత్రలో జోమ్‌సోమ్ మజిలీ

నూట యెనిమిది దివ్యదేశములలో సాలగ్రామ మొకటి. తిరుమంగై ఆళ్వారు పది పాశురములతో ఈ క్షేత్రమునకు మంగళాశాసనము చేసిరి. నేపాళదేశమందలి ముక్తినాథమే ఆ క్షేత్రమని భక్తులు సేవించుచున్నారు. రాజ్యమును విడిచిన భరతుడు తపస్సు చేసిన పులహాశ్రమము గండకీ తీరమున నున్నదని భాగవత పంచమ స్కంధము చెప్పుచున్నది. పోతన భాగవతమున ఈ స్కంధమును తెలిగించినవాడు గంగన.

ఈ క్షేత్రమునకు పోవువారికి మజిలీ జోమ్‌సోమ్. ఇది ముస్తాంగ్ జిల్లాకు ముఖ్యపట్టణము; సుమారు 2,700 మీటర్ల ఎత్తున కాలీ గండకి ఒడ్డున నున్న చిన్న ఊరు. 7,061 మీటర్ల నీలగిరి శిఖరము ఊరికి ఎదురుగా నిలిచియుండును. (దక్షిణదేశపు నీలగిరులు వేరు.) పగలు పది, పదకొండు గంటలు దాటగనే ఇచ్చట పెనుగాలి లేచును. ఎగువ పీఠభూమి ఎండకు వేడెక్కగా, దిగువ గాలి ధవళగిరి, అన్నపూర్ణల నడిమి ఇరుకులోయ గుండా పైకి లాగబడును. అందుచేత పోఖరా నుండి వచ్చు చిన్న విమానములు ఉదయమే దిగవలెను. మబ్బు పట్టిననాడు అవియు రావు. బేని మీదుగా జీపుల మార్గ మున్నను, వానకాలమున కొండచరియలు విరిగిపడుచుండును. తిరుగు ప్రయాణమునకు రెండు దినములైన అదనముగా ఉంచుకొనుట మేలు.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు. ముక్తినాథము 3,700 మీటర్లకు పైన. ఉదయము పోఖరాలో విమాన మెక్కిన వృద్ధుడు జోమ్‌సోములో ఆగక, మధ్యాహ్నమునకే పైకి చేరి, ఉపవాసముతో మంచునీటి నూట యెనిమిది ధారల క్రింద నిలుచుట భక్తి యనిపించుకొనదు, సాహసము. గాలి పలుచనైన చోట దేహము అలవాటుపడుటకు వ్యవధి కావలెను. జోమ్‌సోములో ఒక రాత్రి, వీలైనచో రెండు రాత్రులు, నిలువవలెను. తలనొప్పి, వికారము కనిపించినచో అవి తగ్గువరకు పైకి పోరాదు. తగ్గక ముదిరినచో, కూర్చున్నను ఆయాసము వచ్చినచో, రాత్రియైనను క్రిందికి దింపవలెను. తెల్లవారిన తరువాత చూతమనుకొనరాదు. అశక్తులకు ప్రోక్షణమును, మంత్రస్నానమును స్మృతికారులే విధించియుండగా, ధారలన్నిటి క్రింద తడిసిననే గాని యాత్ర ఫలింపదని ఇంటివారు పట్టుపట్టుట తగదు.

ఆగిన దినము వృథా కాదు. ఉదయవేళ నదీగర్భమున నల్లని గుండ్రాళ్ల నడుమ సాలగ్రామములను వెదకవచ్చును. వీని చక్రములను వజ్రకీటము తొలిచినదని పురాణములు చెప్పును. హిమాలయము లేవక పూర్వ మచ్చట నున్న సముద్రములోని ప్రాణుల గుల్లలే కోట్ల సంవత్సరములకు శిలలైన వని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చక్రము ప్రాణి వలన కలిగినదను మాట రెండింటను ఉన్నది. పితృకార్యము చేయదలచినవారు ముక్తినాథ మార్గముననే యున్న కాగ్బేని సంగమమున చేయుదురు.

మరునాడు తెల్లవారగనే జీపులో రాణీపౌవాకు పోయి, అచ్చట దిగి, మెల్లగా నడచి కోవెల చేరవలెను. బౌద్ధులు ఈ స్వామినే అవలోకితేశ్వరునిగా కొలుతురు. బౌద్ధ సన్న్యాసినులు ఆ సన్నిధిని కనిపెట్టుకొని యుందురు. సేవ ముగిసిన పిమ్మట రాత్రి అచ్చట బస చేయక, జోమ్‌సోమునకే దిగివచ్చి నిద్రించుట వృద్ధులకు క్షేమము.