మంత్రిని చంపి ఓడిన ఆట

ముందు చదరంగం బల్ల వేసుకోండి. ఈ పాఠం ఊరికే చదివితే తలకెక్కదు, పావులు కదపాలి.

పాఠశాలల మధ్య పోటీ జరుగుతోంది అనుకుందాం. జట్టుకు నలుగురు. మిగిలిన ముగ్గురూ కష్టపడి చెరిసగం పాయింట్లు తెచ్చారు. నాలుగో బల్ల దగ్గర మీరున్నారు, మీవి నల్ల పావులు. మీ ఆట ఏడు ఎత్తుల్లో ముగిసింది, జట్టు ఓడింది! ఆ ఆట ఇదీ. గళ్ల నిలువు వరుసలకు తెల్లవారి ఎడమనుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డ వరుసలకు వారి వైపునుంచి 1 మొదలు 8 వరకు అంకెలు. ఐమూలగా నడిచే పావును ఇక్కడ శకటు అంటున్నాం.

1. బంటు ఇ4 – బంటు ఇ5
2. గుర్రం ఎఫ్3 – బంటు డి6
3. శకటు సి4 – శకటు జి4
4. గుర్రం సి3 – బంటు జి6
5. గుర్రం ఇ5 బంటును చంపింది – శకటు డి1లోని మంత్రిని చంపింది
6. శకటు ఎఫ్7 బంటును చంపి చెక్ – రాజు ఇ7 (వేరే దారి లేదు)
7. గుర్రం డి5. ఆటకట్టు!

18వ శతాబ్దంలో పారిస్‌లో పేరుపొందిన ఆటగాడు లెగాల్ పేరుతో ఈ ఉచ్చును పిలుస్తారు. ఇప్పటికీ పిల్లలు ఇందులో పడుతూనే ఉన్నారు.

మీ తప్పేమిటి? "అయిదో ఎత్తులో మంత్రికి ఆశపడ్డాను" అంటారు మీరు. అది సగం నిజమే. ఆశపడలేదనుకోండి. డి6 బంటుతో ఆ గుర్రాన్ని చంపండి. వెంటనే తెల్ల మంత్రి జి4లోని మీ శకటును చంపుతుంది. గుర్రానికి శకటు చెల్లు, అంతకుముందు పోయిన ఇ5 బంటు మాత్రం తిరిగి రాదు. శకటును ఇ6కి లాక్కున్నా ఆ బంటు నష్టం తప్పదు. అంటే అయిదో ఎత్తుకు తల పట్టుకుని కూర్చునేసరికే నష్టం జరిగిపోయింది.

ఒక ఎత్తు వెనక్కి వెళదాం. నాలుగో ఎత్తులో జి6కు జరిపిన బంటు చూడటానికి అమాయకంగా ఉంది. కాని అప్పటికి జి4లోని శకటుకు కాపలా లేదు. ఆ బంటుకు బదులు జి8 గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి చూడండి. తెల్లవారు మళ్లీ అలాగే ఇ5 బంటును చంపితే మీ డి6 బంటు ఆ గుర్రాన్ని చంపుతుంది. వారి మంత్రి మీ శకటు మీద పడితే ఎఫ్6 గుర్రం ఆ మంత్రినే చంపుతుంది. ఉచ్చు వేసినవారే చిక్కుకున్నారు!

మరి కాపలా లేని శకటు మీ కంటికి ఎందుకు ఆనలేదు? 2008లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరితేరిన ఆటగాళ్లకు ఒక ఆట స్థితి చూపించారు. అందులో బాగా తెలిసిన పద్ధతిలో అయిదు ఎత్తుల్లో గెలవవచ్చు. అంతగా అలవాటులేని పద్ధతిలో మూడే చాలు. తెలిసిన దారి దొరికాక, ఇంకా మంచిదాని కోసం వెతుకుతున్నామనే వారు చెప్పారు. కనుచూపును పట్టే కెమెరా మాత్రం వారి చూపు మొదటి దారికి చెందిన గళ్ల మీదికే మళ్లుతోందని చూపింది. వారు అబద్ధమాడలేదు, మొదట తట్టిన ఆలోచన చూపును కట్టేసింది. 2006లో ప్రపంచ విజేత క్రామ్నిక్ కంప్యూటర్‌తో ఆడుతూ, తన రాజుకు ఒకే ఎత్తులో ఆటకట్టు ఉందని చూడక ఓడిపోయాడు. మీరు మరీ కుంగిపోనక్కరలేదు.

అందుకే ఓడిన ఆట ఎత్తులన్నీ నోటు పుస్తకంలో ఉండాలి. వీలైతే గెలిచినవారితోనే కూర్చుని మళ్లీ ఆడండి. ఏ ఎత్తు దగ్గర వారికి ఆశ పుట్టిందో వారికే బాగా తెలుసు. "జి6 తప్పు" అని రాసి వదిలేయకండి. "శకటును ముందుకు పంపాను, దానికి కాపలా ఉందా అని చూసుకోలేదు" అని రాయండి. రేపటి ఆటలో జి6 రాకపోవచ్చు, కాపలా లేని పావు తప్పక వస్తుంది. సెల్‌ఫోన్‌లోని చదరంగం ప్రోగ్రామ్ సరైన ఎత్తును క్షణంలో చెబుతుంది. అది మీకెందుకు తట్టలేదో దానికి తెలియదు కనుక, మీ కారణం రాసుకున్నాకే దాన్ని అడగండి.

ఇప్పుడు మీకో పని. నాలుగో ఎత్తుకే తిరిగి రండి. ఈసారి మీ శకటుతో ఎఫ్3లోని గుర్రాన్ని చంపండి. తెల్ల మంత్రి వచ్చి మీ శకటును చంపి ఎఫ్3లో నిలుస్తుంది. సి4లో వారి శకటు ఉండనే ఉంది. రెండూ కలిసి మీ ఎఫ్7 బంటును చూస్తున్నాయి. ఆటకట్టు తప్పించే ఎత్తులు మీకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.