విశ్వకిరణములు – కొండలు, బెలూనులు, మన పొలములు

ఆకాశము నుండి రేయింబవళ్లు ఒక కంటికి కనబడని జల్లు కురియుచున్నది. అరచేయి చాపి నిలిచినచో నిమిషమునకు సుమారు నూరు సూక్ష్మకణములు దానిగుండ దూసికొని పోవును. అనాదిగా ఇట్లే జరుగుచున్నది గనుక భయపడవలసిన పని లేదు. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలపు పంచాయతీ సభ్యులకు ఈ శాస్త్రముతో నేమి పని యని తోచవచ్చును. పని కలదు, చెప్పెదము.

ఈ జల్లునకు మూలము విశ్వకిరణములు. పేరునకు కిరణములే గాని ఇవి వెలుతురు వంటివి కావు. వీనిలో అధికభాగము హైడ్రోజను పరమాణువుల నడిమి గింజలైన ప్రోటానులు. ఇవి దాదాపు కాంతివేగముతో వచ్చి, గాలిలోని పరమాణువుల గింజలను ఢీకొనును. ఆ తాకిడి శక్తి నుండి క్రొత్త కణములు పుట్టును. అవి మరల ఢీకొనును. ఈ విధముగ ఒక్క కణము వేలుగ, లక్షలుగ పెరిగి నేలకు దిగును. నేలపై మనకు దొరకునది చివరి శేషమే. కల్లములోని పొట్టును చూచి కంకి యెట్లుండెనో చెప్పుట కష్టము గదా! అందుచేతనే శాస్త్రజ్ఞులు కొండలెక్కిరి.

1912లో విక్టర్ హెస్ బెలూనులో అయిదువేల మీటర్లకు పైగా ఎగసి, పైకి పోవుకొలది ఈ కిరణములు హెచ్చుచున్నవని కనుగొనెను. తరువాత మన దేశమున దేవేంద్రమోహన బోసు, బిభా చౌధురి అను పరిశోధకులు డార్జిలింగు కొండలపై ఛాయాచిత్రపు పలకలను నెలల తరబడి ఉంచి, వానిపై కణములు గీసిన గీతలను పరీక్షించిరి. 1947లో ఐరోపాలోని పౌవెల్ బృందము, ఇట్లే కొండలపై ఉంచిన పలకలలో పయాన్ అను క్రొత్త కణమును గుర్తించెను.

ఉదకమండలమున, 2,200 మీటర్ల యెత్తున, టాటా పరిశోధన సంస్థవారు 1950ల నుండి ఈ పని సాగించుచున్నారు. నాడు వారు వాడిన మేఘపేటిక ముచ్చటైన సాధనము. పెట్టెలోని ఆవిరి గుండ కణము పోయినచో, దాని దారి వెంట మంచుబిందువుల వంటి చారలేర్పడును. లోపల లోహపు రేకులను వరుసగ నిలిపినచో, కణము ఏ రేకును తాకెనో, అచ్చట ఎన్ని కొమ్మలుగ చీలెనో ఛాయాచిత్రములో కనబడును. మహాయంత్రములతో కణములను పరుగెత్తించుట నేడు సాధ్యమైనను, వానికందని శక్తిగల తాకిడులు ఇప్పటికిని ఆకాశమే చూపుచున్నది. అచ్చటి గ్రేప్స్-3 కేంద్రము 2014 డిసెంబరు 1న వచ్చిన ఉరుముల మేఘములో సుమారు 130 కోట్ల వోల్టుల విద్యుత్పీడనమున్నట్లు ఈ కణముల లెక్కతోనే తేల్చెను!

అంత యెత్తుననైనను గాలిలో ముప్పాతిక భాగము ఇంకను తల పైననే యుండును. దానిని దాటుటకు బెలూనులు కావలెను. టాటా సంస్థవారి శాశ్వత బెలూను కేంద్రము 1969లో హైదరాబాదున వెలసినది. భూ అయస్కాంత మధ్యరేఖకు సమీపమగుటచే, ఇచ్చట బలహీన కణములను భూమియే మరలించును. బలమైనవి మాత్రమే దిగును. పలుచని పాలిథీను బెలూనులు హైడ్రోజనుతో 30 నుండి 42 కిలోమీటర్ల యెత్తు చేరును. నేడు వీనితో ఖగోళ, వాతావరణ పరిశోధనములును జరుగుచున్నవి.

పని ముగిసిన పిదప పరికరములు రంగుల పారాచూటుతో ఎచ్చటనో పొలములో దిగును. అట్లు దిగదగు జిల్లాలలో జనగామ యొకటి. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో స్పెయిన్ సంస్థవారి గది వంటి పెద్ద పరికరము దిగగా, జనులు గుమిగూడి వింతగ చూచిరి.

పారాచూటునకు పెట్టెకు నడుమ 20 నుండి 40 మీటర్ల త్రాడుండును. గుడ్డ ఒకరి చేనిలోను, పెట్టె వేరొకరి చేనిలోను పడవచ్చును. పాలిథీనును చూచి గడ్డివామిపై కప్పుదమను ఆశయు పుట్టును. కాని పెట్టెను తెరచినచో, ఏండ్ల తరబడి సిద్ధపరచిన ప్రయోగపు ఫలితము క్షణములో నశించును. కొన్నింటిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తుండును గనుక పిల్లలను దూరముగ నుంచి, కాపలా పెట్టి, దగ్గరి పోలీసు ఠాణాకు గాని, తపాలా కార్యాలయమునకు గాని, జిల్లా అధికారులకు గాని వెంటనే తెలుపవలెను. తెలిపినవారికి సంస్థవారు ఖర్చులును, తగిన బహుమానమును ఇత్తురు. పరికరమును కదిపి చెరచినచో బహుమానము లేదు.