రెండేండ్లా, డెబ్బై ఏండ్లా?



బీబీపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇండ్లను ఆశీర్వదించడానికి వెళ్లినప్పుడు గోడమీద ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. తన ప్రజల కొరకు తాను తలపెట్టింది కీడు కాదు మేలేనని, వారికి మంచి భవిష్యత్తును ఇస్తానని దేవుడు చేసిన వాగ్దానం అది. కొన్ని ఇండ్లలో దాని పక్కనే దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న కొడుకు ఫోటో కూడా ఉంటుంది.

ఆ వాక్యానికి ముందున్న పదో వచనాన్ని మాత్రం గోడమీద రాసుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. అందులో దేవుడు డెబ్బై ఏండ్లు అని చెప్పాడు.

సంగతి ఇది. క్రీస్తు పూర్వం 597లో బాబిలోను రాజు యెరూషలేము ప్రజలను చెరపట్టి తీసుకుపోయాడు. వారు ఎప్పుడు తిరిగి వస్తారన్నదే అప్పుడు అందరి ప్రశ్న. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనం ముందు నిలబడి, దేవుని పేరు చెప్పి, రెండేండ్లలో అందరూ తిరిగి వస్తారని ప్రకటించాడు (28వ అధ్యాయం). జనానికి కావలసిన మాట కూడా అదే. యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవారికి వేరే విధంగా జాబు రాశాడు: అక్కడే ఇండ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెండ్లిండ్లు చేసుకోండి, మీరున్న పట్టణం కొరకు ప్రార్థించండి అని. డెబ్బై ఏండ్లంటే ఆ జాబు విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి రారు. వారి మనుమలు వస్తారు. గోడమీది వాగ్దానం మొదట అటువంటి వారికి ఇవ్వబడింది.

రెండేండ్లు అన్న మాట మన ప్రాంతంలో కొత్తది కాదు. గల్ఫ్ పనికి ఒప్పందం సాధారణంగా రెండేండ్లకే ఉంటుంది. కొన్నేండ్ల క్రితం ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని పూజ తరువాత నా దగ్గరకు వచ్చింది. "ఫాదర్, వీసా అచ్చింది. జర ప్రార్థన చేయుండ్రి. రెండేండ్లల్ల అప్పు తీరుతది, మూడో ఏడు ఇల్లు కడుతం" అన్నది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టారు. నేను ఆ అబ్బాయి తలమీద చేయి ఉంచి ప్రార్థించి, "దేవుడు చూసుకుంటాడు, పోయిరా" అన్నాను. ఏ వీసా, ఏ కంపెనీ, ఎంత జీతం అన్నది ఒక్క మాట కూడా అడగలేదు. అది విజిట్ వీసా. గడువు తీరాక దొంగచాటుగా పనిచేసి, దొరికిపోయి, వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. వడ్డీ మాత్రం ఆగలేదు.

ఆ రోజు హనన్యా పని చేసింది నేనేనని తరువాత అర్థమైంది. వారి లెక్క కింద దేవుని సంతకం నేనే పెట్టేశాను.

"దేవుడు చూసుకుంటాడు" అన్న మాట విశ్వాసమూ కావచ్చు, సోమరితనమూ కావచ్చు. లతీను భాషలో దైవపాలనకు, మనిషి ముందుచూపుకు ఒకటే మాట. వివేకమనే సుగుణంలో ముందుచూపే ముఖ్యభాగమని పునీత తోమా అక్వినాసు బోధించారు. సెమినరీలో చదువుకున్న ఆ పాఠం నాకు ఈ వీసా కాగితం దగ్గర గాని ఒంటబట్టలేదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగారు (లూకా 14). ఫలానా పట్టణానికి పోయి, ఏడాది ఉండి, లాభం గడిస్తామనే వారిని యాకోబు తన లేఖ 4వ అధ్యాయంలో మందలించాడు. అయితే పోవద్దని అనలేదు, ప్రభువు చిత్తమైతే పోతామని అనుకోమన్నాడు. ఆ మాటను మనం చివర్లో ఒక అలంకారంలా తగిలిస్తాం గాని, ప్రభువు చిత్తం వేరైతే ఏం చేయాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోము.

పునీత జోజప్పగారిని చూడండి. ఐగుప్తు నుండి తిరిగి వచ్చేటప్పుడు ఆయన యూదయాకు పోదామనుకున్నారు. అక్కడ హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని విని భయపడ్డారు. కలలో హెచ్చరిక కలిగింది. గలిలయకు మళ్లి నజరేతులో కాపురం పెట్టారు (మత్తయి 2). దేవదూత మాట విన్నవాడే అయినా దారిలో వార్త వాకబు చేశాడు, భయపడ్డాడు, అనుకున్న ఊరు మార్చుకున్నాడు. ఆ భయాన్ని సువార్త అవిశ్వాసమని అనలేదు.

కనుక పిల్లలను పంపే తల్లిదండ్రులు ప్రార్థనతో పాటు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. 1983 వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. నిబంధనల ప్రకారం అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పదో తరగతి పాస్ కాని వారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే వలస అనుమతి కావాలి. దానితో పాటు రెండేండ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది. విజిట్ వీసా మీద పోయినవారికి ఈ రక్షణలేవీ లేవు.

మొన్నొక ఆదివారం ఆ తల్లే మళ్లీ వచ్చింది. ఈసారి చిన్నకొడుకు. తల వంచి నిలబడ్డాడు. నేను ముందు కాగితం అడిగాను. మా యువకుల్లో ఒకడు ఫోనులో ఆ లైసెన్సు నంబరు వెతికాడు. జాబితాలో లేదు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే ఇప్పుడేం జేద్దాం ఫాదర్?" అన్నది. గుడి అరుగుమీద కూర్చున్నాం. పెద్దవాడి అప్పులో మిగిలినదెంత, మక్క పంట మీద వచ్చేదెంత, ఆమె బీడీల పైసలెన్ని, చిన్నవాడికి కామారెడ్డిలో పని దొరికితే నెలకు ఎంత మిగులుతుంది అని ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. అప్పు తీరడానికి రెండేండ్లు కాదు, ఐదేండ్లు పట్టేట్టు తేలింది. ఆ నోటుబుక్కును పీఠం మీద పెట్టి ముగ్గురం పరలోక జపం చెప్పుకున్నాం. చిన్నవాడు సోమవారం పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కాడు.