మెట్ట ప్రాంత జలాశయాలలో వాలుగ: నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువుల యాజమాన్యంలో పెద్ద వేటచేప స్థానం

ఉపోద్ఘాతం

సముద్ర జలాలలో అతివేగంగా ఈదే భారీ చేపలలో కొమ్ముకోనం జాతులు ముఖ్యమైనవి. పై దవడ ఈటెలా ముందుకు సాగి ఉండే ఈ చేపలను ఆంగ్లంలో మార్లిన్ అని వ్యవహరిస్తారు. బంగాళాఖాతంలోనూ ఇవి లభిస్తాయి. వినోదం కోసం గాలం వేసేవారికి ప్రపంచమంతటా ఇవి అత్యంత విలువైన లక్ష్యం. 1953 ఆగస్టు 4న పెరూ దేశపు కాబో బ్లాంకో వద్ద గాలానికి చిక్కిన నల్ల కొమ్ముకోనం బరువు సుమారు 707 కిలోలు. నల్ల కొమ్ముకోనంలో మగచేపలు ఆడచేపలంతగా పెరగవు. కనుక ఇంతటి భారీ చేపలన్నీ దాదాపుగా ఆడవే. అంటే గాలగాడు గర్వించే చేప, ఆ జాతి సంతానోత్పత్తికి ఆధారమైన తల్లిచేప కూడా.

సముద్రానికి దూరంగా ఉన్న దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో కొమ్ముకోనం లేదు. అయితే ఆహారశృంఖలంలో దానికి దీటైన స్థానం ఉన్న మంచినీటి చేప ఒకటి కృష్ణా నదిలోనూ, దానికి అనుబంధమైన జలాశయాలలోనూ, పెద్ద చెరువులలోనూ ఉంది. అదే వాలుగ. పెద్ద నోరు, తిండిపోతు స్వభావం కారణంగా గాలం వేసేవారు దీనిని మంచినీటి సొరచేప అని పిలుస్తారు. ముళ్లు తక్కువగా ఉండే మాంసం వల్ల సంతలో దీనికి గిరాకీ ఎక్కువ. చేపల పెంపకం దృష్టిలో మాత్రం ఇది పిల్ల చేపలను మింగే శత్రువు. ఈ రెండు దృక్పథాల మధ్య సమన్వయం ఎలా సాధ్యమో, అందులో వ్యవసాయదారుని పాత్ర ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుర్తింపు లక్షణాలు

వాలుగ శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఇది పొలుసులు లేని మీసాల చేపల వర్గానికి చెందినది. శరీరం ఇరుపక్కల నొక్కినట్లు పలచగా, పొడవుగా ఉంటుంది. నోటి చీలిక కంటిని దాటి వెనుకకు సాగుతుంది. మీసాలు రెండు జతలు. పై దవడవి బాగా పొడవు, కింది దవడవి పొట్టి. వీపుపై రెక్క చిన్నది. పొట్ట వెనుక మొదలయ్యే రెక్క తోక వరకు సాగుతుంది. రెండు మీటర్లకు మించి పెరిగిన చేపలు గతంలో నమోదయ్యాయి. నేడు వలలో పడే చేపలు అంతకంటే చాలా చిన్నవి.

ఇది ప్రధానంగా రాత్రిపూట వేటాడుతుంది. పగలు లోతైన మడుగులలోనూ, ఒడ్డు కింది గుంతలలోనూ దాగి ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీనుతో పోలిస్తే ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం కనిపిస్తుంది. కొరమీను నేరుగా గాలిని పీల్చగలదు కాబట్టి బురద గుంటలో కూడా వేసవిని గట్టెక్కుతుంది. వాలుగకు ఆ సౌలభ్యం లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువుపైనే అది ఆధారపడుతుంది. కనుక ఒక చెరువులో వాలుగ ఏళ్ల తరబడి నిలిచి ఉన్నదంటే, ఆ చెరువులో వేసవిలో సైతం తగినంత లోతు, పరిశుభ్రమైన నీరు ఉన్నాయని భావించవచ్చు.

ప్రాంత జలవనరుల స్వరూపం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనకు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేలలలో అధిక భాగం ఎర్ర చెల్కలు. గట్టి రాతి పొరపై పలచగా పరచుకున్న ఈ నేలలు నీటిని ఎక్కువకాలం నిలుపుకోలేవు. వర్షంలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే కురుస్తుంది. అందువల్లనే పూర్వులు వాగు వెంబడి ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు నిర్మించారు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది. చివరకు మిగిలిన నీరు డిండి, హాలియా, మూసీ, పెద్దవాగు వంటి ఉపనదుల ద్వారా కృష్ణలో కలుస్తుంది.

ఈ గొలుసు సాగునీటికి ఎంత ముఖ్యమో చేపకూ అంతే ముఖ్యం. కృష్ణా నది భీమా సంగమం వద్ద తెలంగాణలో ప్రవేశించి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలుగా నిలుస్తుంది. ఈ విశాల జలాశయాలు పెద్ద చేపలకు ఆశ్రయమిచ్చాయి. అదే సమయంలో ఎత్తైన ఆనకట్టలు నది వెంట ఎగువకు సాగే దారిని మూసివేశాయి. కాబట్టి గుడ్లు పెట్టేందుకు చేపకు మిగిలినవి ప్రధానంగా పక్క వాగులు, చెరువుల ఎగువ అంచులు మాత్రమే.

సంతానోత్పత్తి: ఎదురెక్కే కాలం

తొలకరి వరద చెరువులోకి దిగినప్పుడు, మత్తడి మొదటిసారి దూకినప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ పైకి సాగుతాయి. పల్లెలలో దీనిని చేపలు ఎదురెక్కడం అంటారు. వాలుగ కూడా వానాకాలపు వరదలోనే గుడ్లు పెడుతుంది. కొత్తగా మునిగిన గడ్డి, శిఖం భూముల అంచులు, లోతు తక్కువ నీరు ఇందుకు అనుకూలం. గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు కొద్ది రోజులలోనే ఒకదానినొకటి తినడం మొదలుపెడతాయి. అందువల్ల తొట్లలో వీటి పిల్లలను పెంచడం కష్టసాధ్యం. కార్పు జాతుల పిల్లలను లక్షలలో ఉత్పత్తి చేసినంత సులువుగా వాలుగ పిల్లలను సరఫరా చేయలేము. ఈ చేప కొనసాగాలంటే సహజ సంతానోత్పత్తే ప్రధాన మార్గం.

దురదృష్టవశాత్తు ఎదురెక్కే ఆ కొద్ది రోజులలోనే చేపలను పట్టడం అత్యంత సులభం. మత్తడి కింద, వాగు ఇరుకు దారులలో వలలు అడ్డం కడితే గుడ్లతో నిండిన తల్లిచేపలు ఒక్క రాత్రిలో చిక్కుతాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాలుగను ముప్పును ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో చేర్చింది. మితిమీరిన వేట, ఆవాస నష్టం ఇందుకు ప్రధాన కారణాలు.

పెంపకపు చెరువులో సమస్య

వాలుగను శత్రువుగా చూసేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. ఆహారశృంఖలంలో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి స్థూలంగా పదో వంతు మాత్రమే. ఈ లెక్కన ఒక కిలో వాలుగ తయారు కావడానికి సుమారు పది కిలోల చిన్న చేప ఖర్చవుతుంది. బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలను వదిలే చెరువులో ఈ నష్టాన్ని మత్స్యకారుడు భరించలేడు. అందుకే పిల్లలను వదలడానికి ముందు వేటచేపలను తొలగించమని పెంపక శాస్త్రం సూచిస్తుంది.

ఇందుకు వాడే ఇప్ప చెక్కలోని సపోనిన్ చేపల ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది. సిఫారసు మోతాదు లీటరు నీటికి 250 మిల్లీగ్రాములు. ఒక హెక్టారు విస్తీర్ణంలో ఒక మీటరు లోతు నీరు అంటే 10,000 ఘనపు మీటర్లు. దానికి 2,500 కిలోల చెక్క అవసరం. చిన్న పెంపకపు కుంటకు ఇది సాధ్యమే. వేసవిలో 20 హెక్టార్లలో సగటున అర మీటరు నీరు నిలిచిన ఊరచెరువుకు 25 టన్నులు కావాలి. ఇది ఖర్చు రీత్యా అసాధ్యం. పైగా ఈ మందు వాలుగను మాత్రమే ఎంచి చంపదు. పరకలు, జెల్లలు, మార్పులు వంటి స్థానిక జాతులన్నీ నశిస్తాయి. ఆ చిన్న చేపలే పేద కుటుంబాల నిత్యాహారం.

కనుక అన్ని నీటివనరులకు ఒకే సూత్రం వర్తించదు. ఏటా ఎండిపోయే కుంటలలో ఎండే వేటచేపలను తొలగిస్తుంది. నిండు నీరుండే చెరువులలో పిల్లల పరిమాణం పెంచడమే ఉత్తమ మార్గం. 35-40 మిల్లీమీటర్ల పిల్లలు చిన్న వాలుగకు కూడా తేలికైన ఆహారం. 80-100 మిల్లీమీటర్లకు పెరిగిన పిల్లలలో బతికేవాటి శాతం ఎక్కువ. పెద్ద జలాశయాలలో వాలుగను నిర్మూలించే ప్రయత్నం వ్యర్థం. అక్కడ బలహీనమైన, విలువ తక్కువైన చిన్న చేపలను విలువైన మాంసంగా మార్చే పని అది చేస్తుంది.

సేద్యంతో సంబంధం

చెరువులోని చేప భవితవ్యం చాలావరకు చెరువు బయటి పొలంలోనే నిర్ణయమవుతుంది.

మొదటిది పూడిక. చెల్కల నుంచి కొట్టుకువచ్చే మట్టి మడుగులను నింపివేస్తుంది. వేసవిలో నీటి ఉపరితలం నుంచి రోజుకు 6-8 మిల్లీమీటర్లు ఆవిరైతే, మార్చి నుంచి మే వరకు 90 రోజులలో 540-720 మిల్లీమీటర్లు తరుగుతుంది. నేలలోకి ఇంకేది అదనం. మార్చి మొదట ఒక మీటరు నీరున్న గుంత మే చివరకు వేడెక్కిన బురదగా మిగులుతుంది. రెండు మీటర్లు ఉంటే చేప వానల వరకు బతికే అవకాశం ఉంటుంది.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ వంటి పూడికతీత పనులలో ఈ అంశాన్ని గుర్తుంచుకోవలసి ఉంటుంది. చెరువు అడుగును అంతటా సమానంగా చదును చేయడం కంటే, తూము మట్టానికి దిగువన అర ఎకరం మేర అదనంగా రెండు మీటర్లు తవ్వి ఉంచడం మేలు. దీని వల్ల సుమారు 4,000 ఘనపు మీటర్ల నీరు తూము ద్వారా బయటకు పోకుండా చేపకు మిగులుతుంది. తవ్విన మట్టి చెల్కలకు చేరితే వాటి తేమ నిలుపుకొనే శక్తి పెరుగుతుంది. అయితే మట్టిలో లవణాలు, ఉదజని సూచిక పరీక్షించిన తరువాతనే పొలానికి తోలుకోవాలి.

రెండవది పురుగుమందులు. పత్తిలో వాడే సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు అతి తక్కువ మోతాదులోనే చేపలకు ప్రాణాంతకం. ఎదురెక్కే కాలం, పత్తిపై మందు కొట్టే కాలం చాలావరకు ఒకటే. వాన సూచన ఉన్న రోజున పిచికారీ చేస్తే మందు పంటపై నిలవదు. వాగులోకి చేరి గుడ్లను, పిల్లలను నాశనం చేస్తుంది. రైతుకు రెండు విధాలా నష్టమే.

యాజమాన్య సూచనలు

1. మత్తడి మొదటిసారి దూకిన నాటి నుంచి కనీసం రెండు వారాలు మత్తడి కింద, వాగు దారిలో వలలు కట్టకుండా మత్స్య సహకార సంఘం, గ్రామ పంచాయతీ కలిసి కట్టుబాటు చేసుకోవాలి.

2. పూడికతీతలో ఒక లోతైన మడుగును తప్పక ఉంచాలి. అందులో ముళ్ల కంప వేస్తే వేసవిలో వల తిరగదు, చేపకు నీడ దొరుకుతుంది.

3. వాగు, చెరువు అంచున ఉన్న పొలాలలో కనీసం ఐదు మీటర్ల వెడల్పున గడ్డి పట్టీ పెంచాలి. ఇది మట్టికోతను తగ్గిస్తుంది, మందుల అవశేషాలను కొంతవరకు అడ్డుకుంటుంది, పశువులకు మేత ఇస్తుంది.

4. స్ప్రేయర్లను, ఖాళీ మందు డబ్బాలను చెరువులో, కాలువలో కడగరాదు.

5. చిన్న కన్ను వలలను మానాలి. ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం వచ్చేవరకు చేపను పెరగనివ్వాలి.

6. సంఘం పుస్తకంలో పట్టిన ప్రతి వాలుగ పొడవు, బరువు, తేదీ, చోటు రాయాలి. పొట్టలో గుడ్లు ఉన్నదీ లేనిదీ నమోదు చేయాలి.

చివరి సూచన సామాన్యంగా కనిపించినా దాని విలువ గొప్పది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో 1954లో ఫ్రాంక్ మాథర్ ఒక కార్యక్రమం ప్రారంభించారు. గాలం వేసేవారు తాము పట్టిన పెద్ద చేపలకు గుర్తు తగిలించి తిరిగి నీటిలో వదిలేలా ఆయన ప్రోత్సహించారు. వేటగాళ్లు రాసి పంపిన వివరాల వల్లనే కొమ్ముకోనం వంటి చేపల వలస మార్గాల గురించి శాస్త్రానికి ఎంతో తెలిసింది. వినోదం కోసం పట్టేవారు చేపను వదలగలరు. జీవనోపాధి కోసం పుట్టి ఎక్కే మత్స్యకారుని అలా వదలమనడం న్యాయం కాదు. అతడు కొలిచి రాస్తే చాలు. ఏటికేడు సగటు పొడవు తగ్గుతున్నదంటే తల్లిచేపలు తరిగిపోతున్నాయని ఆ పుస్తకమే హెచ్చరిస్తుంది.

ముగింపు

వాలుగ పెంపకపు కుంటలో శత్రువు, పెద్ద చెరువులో సంపద. ఈ భేదాన్ని గుర్తించి నీటివనరును బట్టి యాజమాన్యం మార్చుకోవడమే శాస్త్రీయ మార్గం. దానికి కావలసినవి లోతైన మడుగు, అడ్డులేని వాగు, విషం కలవని నీరు. ఈ మూడూ మెట్ట రైతుకు కూడా కావలసినవే. వేసవి చివరన చెరువు మడుగులో ఒక పెద్ద వాలుగ బతికి ఉన్నదంటే, ఆ ఊరి బావులలో ఊట మిగిలే అవకాశమూ ఉన్నట్లే.