ఇసుక కుప్ప – మంచు కొండ

దాచేపల్లిలో మంచుకొండలు లేవు, ఇసుకకేం, కావలసినంత! పొడి ఇసుకను సన్నటి ధారగా నేలపై పోయండి. కుప్ప ఎంత పెరిగినా దాని వాలు సుమారు 34 డిగ్రీలు దాటదు. ఇంకా పోస్తే పైపొర జరజరా జారిపోతుంది. కోణమానినితో కొలిచి చూడండి.

మంచుచరియలు ఎక్కువగా విరిగేదీ 30–45 డిగ్రీల వాలుల్లోనే. అయితే మంచు పలకలా అతుక్కుంటుంది. అడుగున పంచదార పలుకుల్లాంటి వదులు పొర ఉందంటే, ఒక్క మనిషి బరువుకే పలకంతా కదలవచ్చు.

అందుకే అక్కడ మంచుబండ్లు నడిపేవారు ముందు వాలు కొలుస్తారు. ఒక్కొక్కరే దాటుతారు, మిగతావారు చూస్తుంటారు. అందరి దగ్గరా రేడియో సంకేత పరికరం, పొడవాటి ఊచ, పార ఉంటాయి. కూరుకున్నవారిని పావుగంటలో తీస్తే చాలామంది బతుకుతారు; అరగంట దాటితే ఊపిరాడక చనిపోయేవారే ఎక్కువ. కాబట్టి పక్కవాడే తవ్వాలి.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో ఒక స్థావరంలోని పదిమంది సైనికులూ ఒకేసారి కూరుకుపోయారు. తవ్వడానికి పక్కన ఎవరూ మిగల్లేదు. ఆ పదిమందిలో అప్పటి కర్నూలు జిల్లా జవాను ఒకరు.